వంగే అద్దం

ఫిబ్రవరి 3

ఊరు చేరాను, ఉద్దానం తీరంలో మా జాలర్ల పేటకి. వద్దని చెప్పినా ఈశ్వర్ పలాస స్టేషన్‌కి వచ్చాడు. నా పెట్టె అందుకోబోతే ఇవ్వలేదు. డయాలసిస్ సూదులు గుచ్చే వాడి ఎడమచేతి నరం తాడులా ఉబ్బి ఉంది. ఆ చేత్తో బరువెత్తకూడదని వాడికీ తెలుసు.

"తమ్ముడు సచ్చిపోనాడనుకున్నావేటి, పెట్టియ్యవు?" అన్నాడు. చివరికి చెరోవైపు పట్టుకుని ఆటో దాకా నడిచాం. దారంతా వాడు ఆయాసపడ్డాడు, నేను చూడనట్టు నడిచాను.

పరీక్షలన్నీ కుదిరితే మార్చిలో విశాఖలో ఆపరేషన్. నా కిడ్నీ ఒకటి వాడికి. అమ్మకి షుగరు, పనికిరాదన్నారు. వాడి భార్య జానకి రక్తం గ్రూపు కలవలేదు. నాన్న ఈ జబ్బుతోనే పోయాడు. ఇంక మిగిలింది నేను.

హిమాలయాల్లో కొండ మీద టెలిస్కోపుకి ఫస్ట్ లైట్, అంటే అద్దం పెట్టి మొదటిసారి ఆకాశాన్ని చూడడం, ఏప్రిల్ చివర్లో. అప్పటికి కోలుకుంటాను. నేను వచ్చేదాకా నా అద్దాన్ని ఆకాశం వైపు తిప్పొద్దని నాతో పనిచేసే నాగేంద్రకి చెప్పి మరీ వచ్చాను. "నువ్వు లేకుండా ఎవరు ముట్టుకుంటారు రజనీ? అది మాట వినేది నీ ఒక్కదానికే" అన్నాడు. నందిగాం మనిషి, మాట మెత్తన. అతన్ని ప్రాజెక్టులోకి తీసుకోమని డైరెక్టరు గారితో చెప్పింది నేనే. తెలివైనవాడు, పైగా మన జిల్లావాడు. అలా చెప్పినందుకు నాకెప్పుడూ విచారం లేదు.

అమ్మ కవళ్ళ చేపల పులుసు పెట్టింది. ఈశ్వర్ ముందు విడిగా ఉప్పులేని కూర. తల దించుకుని తిన్నాను.

ఫిబ్రవరి 5

పలాస డయాలసిస్ సెంటర్. నాలుగు గంటలు వాడి మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను.

"అక్కా, నువ్వక్కడ ఏటి సేత్తావో నాకు ఇప్పటికీ తెల్దు. పేటలో ఎవులడిగినా నచ్చత్రాలు లెక్కెడతాదని సెప్తన్నాను" అన్నాడు.

చెప్పాను. మిట్టమధ్యాహ్నం ఇసకలో నిలబడి దూరాన ఉన్న తెప్పని చూస్తే అది వణుకుతున్నట్టుంటుంది. తెప్ప వణకదు, మధ్యలో వేడిగాలి వణుకుతుంది. నక్షత్రం మినుకుమినుకుమనడమూ అంతే. ఎంత పెద్ద టెలిస్కోపు కట్టినా ఆ గాలిలోంచే చూడాలి కాబట్టి బొమ్మ అలుక్కుపోతుంది. అందుకని లోపలికొచ్చిన వెలుగుని గాలి ఎలా వంకర చేసిందో ఒక సెన్సారు కొలుస్తుంది. ఆ వంకరకి సరిగ్గా ఎదురు వంకర వచ్చేలా ఒక పల్చటి అద్దాన్ని వెనకనించి సన్నటి కడ్డీలు తోస్తాయి, లాగుతాయి. సెకనుకి వందలసార్లు. ఈ వంకర ఆ వంకరకి చెల్లు. నక్షత్రం చుక్కలా నిలబడుతుంది. కాని కొలిచి, లెక్కకట్టి, అద్దాన్ని వంచేలోపే గాలి కదిలిపోతుంది. పై గాలి ఎటు పోతోందో, ఎంత జోరుగా పోతోందో చూసి, రాబోయే వంకరని ముందే చెప్పేది నా ప్రోగ్రాము. నా నాలుగేళ్ళ పని అదే.

వాడు కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడనుకున్నాను.

"ఆకాశంలో గాలి సరిసేత్తారు. ఇక్కడ మన కిడ్నీలెందుకు పోతన్నాయో మాత్రం ఎవులూ సెప్పలేరు. ఎంతమందొచ్చి నీల్లు సీసాల్లో పట్టుకెళ్ళినారో."

నర్సు నవ్వింది. వాడి మాటలో నా మీద కోపం లేదనుకుంటాను.

ఫిబ్రవరి 6

నాగేంద్ర ఫోన్ చెయ్యలేదు. కొండ మీద సిగ్నల్ ఉండదు.

ఫిబ్రవరి 9

సిగ్నల్ అసలు ఉండదు.

ఫిబ్రవరి 12

విశాఖలో మొదటి పరీక్షలు. గ్రూపు కలిసింది, కణజాలం కూడా బాగా కలిసిందన్నారు. జానకి ఆసుపత్రి వరండాలోనే ఏడ్చేసింది. అమ్మ ఊరి గంగమ్మకి మొక్కుకుంది.

ఈశ్వర్ ఒక్కడే బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పలాస దగ్గర పడ్డాక అన్నాడు: "నాకొద్దక్కా. నీకింకా పెళ్ళి కానేదు. రేపు నిన్నెవులు సేసుకుంతారు?"

"పెళ్ళికి రెండు కిడ్నీలు కావాలని ఎవరన్నారురా?"

"ఆ వంకెట్టి ఒగ్గేత్తారు."

"ఒగ్గేసేవాడు ఎలాగూ వదిలేస్తాడు" అన్నాను. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు. నా మనసులో ఎవరూ లేరు.

ఫిబ్రవరి 15

నాగేంద్ర ఫోన్ చేశాడు! అరగంట మాట్లాడాడు. మొదట ఈశ్వర్ గురించి అడిగాడు, తరవాత అమ్మ గురించి. ఆ తరవాత, "ఏటి రజనీ, మనూరి గాలి పడిందేటి" అని నవ్వించాడు. అతను ఊరి యాసలోకి దిగాడంటే ఏదో కావాలని అర్థం. కావలసింది చిన్నదే. నా ప్రోగ్రాములో పై గాలి విలువలు ఈ నెలకి ఎంత పెట్టాలో పంపమన్నాడు. "ఊరికే ల్యాబులో ఆడించి చూద్దామని. ఆకాశం వైపు కాదులే."

పంపాను. ఎలా సరిచూసుకోవాలో కూడా విడమర్చి రాసి పంపాను. అద్దం ఊరికే పడి ఉండడం కన్నా ఎవరో ఒకరు చూసుకోవడం మంచిదే కదా.

ఫిబ్రవరి 26

ఇవాళ డయాలసిస్ సెంటర్‌కి పెద్దమనుషులు వచ్చారు. ఎవరో నాయకుడి పుట్టినరోజు. ముందు నడిచింది నాగేంద్ర వాళ్ళ నాన్న, సన్యాసిరావు గారు. ఫోటోలో చూసి ఉన్నాను కాబట్టి గుర్తుపట్టాను. తెల్లచొక్కాల వాళ్ళు ఒక్కో మంచం దగ్గరా ఆగి అరటిపళ్ళు, కొబ్బరిబోండాలు ఇచ్చి ఫోటో తీయించుకున్నారు. ఈ రోగులకి అరటిపండూ కొబ్బరినీళ్ళూ విషంతో సమానం, ఒంట్లో పొటాషియం పెరిగి గుండె ఆగిపోతుంది. తోటల మధ్య పుట్టిన ఈశ్వర్ కొబ్బరినీళ్ళు తాగి రెండేళ్ళు దాటింది. వాడు బోండాన్ని రెండు చేతులా పట్టుకుని ఫోటోకి నవ్వాడు. వాళ్ళు వెళ్ళగానే నర్సు వచ్చి అన్నీ బుట్టలోకి ఏరుకుంది.

సన్యాసిరావు గారు నన్ను చూసి, "ఏ ఊరు తల్లీ?" అన్నారు. చెప్పాను.

"ఓహో, పేట పిల్లవా. సదువుకున్నట్టున్నావు. మా నాగేంద్రబాబు తెలుసా? బెంగుళూరులో పెద్ద సైంటిస్టు. ఆకాశానికి అద్దం సేత్తన్నాడు."

"తెలుసండి. ఒకేచోట పనిచేస్తాం."

"అలాగా! మావోడెప్పుడూ సెప్పనేదే. ఆఫీసులో ఏటి సేత్తావమ్మా, కంప్యూటర్లో ఎంట్రీలా?"

ఏదో తలూపాను.

"మంచిది, మంచిది. ఏసంగి ఎండల్లోనే మావోడి పెళ్ళి. టెక్కలి సంబంధం. నువ్వూ రా తల్లీ, ఒకేచోట పనిసేత్తన్నారు కదా."

బెంగుళూరులో అతను నాకు ఏ మాటా ఇవ్వలేదు. నేనూ ఏమీ అడగలేదు. కాబట్టి ఇందులో రాయడానికేమీ లేదు.

ఆటోలో ఈశ్వర్, "అక్కా, ఆయనకి నువ్వేటి సేత్తావో ఎందుకు సెప్పనేదు?" అన్నాడు.

"బోండం తాగకూడదని నువ్వెందుకు చెప్పలేదు?" అన్నాను.

మార్చి 5

విశాఖ నుంచి ఫోన్. నా రక్తం, మూత్రం పరీక్షలు మళ్ళీ చేయాలట. కిడ్నీ వడకట్టి పారేయాల్సిన క్రియాటినిన్ రక్తంలో కాస్త ఎక్కువగా ఉందట. ఆ రోజు బస్సులో నీళ్ళు తాగలేదు, అందుకే అయ్యుంటుంది. ఒక్క కొలతని పట్టుకుని ఎవరూ నిర్ణయానికి రారు. మా ల్యాబులో కూడా అంతే.

మార్చి 8

మళ్ళీ ఇచ్చి వచ్చాను. ఈసారి నీళ్ళు బాగా తాగాను.

మార్చి 11

డయాలసిస్ సెంటర్ వరండాలో పేపరు పడి ఉంటే ఈశ్వర్ తీశాడు. జిల్లా పేజీ. "అక్కా, ఇది మీ అద్దమేనా?"

"నందిగాం యువకుడి ఘనత." సూటులో నాగేంద్ర. పక్కన రెండు బొమ్మలు. ఒకదానిలో అలుక్కుపోయిన మచ్చ, రెండోదానిలో రెండు చుక్కలు. ఒకటే అనుకున్న నక్షత్రం రెండుగా విడిపోయింది. ఫస్ట్ లైట్ అయిపోయింది. నాలుగు రోజుల క్రితమే.

మొదట నాకు కోపం రాలేదు, ఆ సంగతి రాసుకోవాలి. పేపర్ని వెలుగులోకి తిప్పి ఆ చుక్కల అంచులు చూశాను. చుట్టూ ఉండాల్సిన మసక లేదు. హిమాలయాల మీద మార్చిలో పై గాలి విపరీతమైన జోరుగా ఉంటుంది, అయినా అద్దం వెనకబడలేదు. రాబోయే వంకరని ముందే అందుకుంది. నా ప్రోగ్రాము ఆకాశం మీద పనిచేసింది.

ఈశ్వర్ కూడబలుక్కుని వార్తంతా పైకి చదివాడు. "ఇందులో నీ పేరు నేదు."

"జిల్లా పేపరు. వాళ్ళకేం తెలుసు."

వాడు మళ్ళీ మొదటినుంచీ చదివాడు.

మార్చి 12

నేనే ఫోన్ చేశాను.

"రజనీ! చూశావా? నీకే మొదట చెప్దామనుకున్నాను."

"ఏప్రిల్ అన్నారు కదా."

"వాతావరణం బావుందని ముందుకి జరిపారు. నువ్వక్కడ ఆపరేషన్ టెన్షన్లో ఉన్నావు, ఇదెందుకు నెత్తిమీద పెట్టడమని..."

"ల్యాబులో ఆడించడానికన్నావు."

"ల్యాబులో బాగా నడిచింది. ఇంక ఆగడమెందుకని డైరెక్టరు గారే అన్నారు. నేను 'మా టీమ్' అనే చెప్పాను రజనీ, పేపరోడు కోసేశాడు."

"మీ నాన్నగారు కనిపించారు. నేనెవరో ఆయనకి తెలీదు."

అవతల తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"మా ఇంటి సంగతి నీకు తెలుసు కదా" అన్నాడు. ఇవాళ ఒక్క మాటలోనూ ఊరి యాస లేదు.

మార్చి 19

నేను ఇవ్వకూడదట.

డాక్టరు మర్యాదగానే చెప్పారు. రెండుసార్లు చేసినా క్రియాటినిన్ అలాగే ఉందట, మూత్రంలో ప్రోటీన్ పోతోందట. నాకూ మొదలయింది. ఇంకా తొలి దశ, జాగ్రత్తగా ఉంటే చాలా ఏళ్ళు ఏమీ కాకపోవచ్చు అన్నారు. "కొలతలో పొరపాటు ఎంత ఉండొచ్చు డాక్టరు గారూ?" అని అడిగాను. ఆయన పెన్ను కింద పెట్టి, "అమ్మా, మీది ఉద్దానం కదా" అన్నారు. జవాబు అదే.

పదహారేళ్ళ క్రితం హాస్టలుకి వెళ్ళిపోయాను. తప్పించుకున్నాననుకున్నాను.

బయట బెంచీ మీద ఈశ్వర్, జానకి. చెప్పాను. జానకి కొంగు నోట్లో కుక్కుకుని వరండా చివరికి వెళ్ళిపోయింది. ఈశ్వర్ నా వంక అలాగే చూశాడు. నవ్వు మొదలుపెట్టాడు. "పోన్లేక్కా. పలాసలో పక్కపక్క మంచాలే ఏత్తారు. కబుర్లాడుకోవచ్చు" అన్నాడు. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు. ఆగాక రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు.

మార్చి 20

వాడికి కిడ్నీ లేదు. ఇంక ఎదురుచూపుల వరసలో ఎక్కడో వాడి పేరు.

మార్చి 27

వారంగా అమ్మ నా పళ్ళెంలో కూడా ఉప్పులేని కూరే పెడుతోంది. ఇవాళ పళ్ళెం పెడుతూ, "పిల్లప్పుడు ఆ బావి నీల్లు నీకు నానే పట్టినాను" అంది. బావి నీళ్ళ వల్లేనని ఎవరూ తేల్చలేదమ్మా అన్నాను. "తేల్చనేదు గదా. మరింక నాను నన్ను తప్ప ఎవుల్ని తిట్టుకోను?" అంది.

ఏప్రిల్ 8

నాగేంద్ర. "ఏటి రజనీ, ఎలగున్నావు?"

ఇది యాస. వినగానే తెలిసింది.

గాలిని కొలిచి అద్దాన్ని వంచే లూపు నిలవడం లేదట. కొన్ని రోజులు అద్దం బాగానే పట్టి ఉంచుతుందట, ఉన్నట్టుండి పిచ్చెక్కినట్టు వణుకుతుందట, బొమ్మ అద్దం లేనప్పటికన్నా చెడిపోతుందట. పదిహేనో తారీఖున నిధులిచ్చే కమిటీ వస్తోంది. "ఒక్కసారి ఆన్‌లైన్లో కూచుని చూడవా."

గాలి విలువలు ఎలా తీసుకుంటున్నావని అడిగాను. నేను ఫిబ్రవరిలో పంపినవే మేకులు దిగ్గొట్టినట్టు పెట్టేశాడు. గాలిని ఎప్పటికప్పుడు కొత్తగా కొలుచుకునే భాగాన్ని తీసేశాడట, నెమ్మదిగా నడుస్తోందని. పై గాలి దిశ మారిన రోజున ప్రోగ్రాము అద్దాన్ని తప్పు వైపు వంచుతోంది. ఉన్న మసక మీద ఇంకో మసక పూస్తోంది. ఒక్క నిమిషంలో అర్థమైంది నాకు.

"తెలీదు, ఆలోచిస్తాను" అన్నాను.

"రీసెర్చ్ పేపర్లో కృతజ్ఞతల దగ్గర నీ పేరు వేయిస్తాను" అన్నాడు. కృతజ్ఞతల దగ్గర.

ఏప్రిల్ 9

చెప్పను.

ఏప్రిల్ 10

చెప్పను. కడ్డీలు అదేపనిగా తప్పు వైపు తోస్తే అద్దం పగులుతుంది. పగలనీ.

ఏప్రిల్ 11

ఈశ్వర్‌తో అన్నాను, పగలనీ అని. వాడు మంచం మీద లేచి కూర్చున్నాడు, మెషిన్ కుయ్యిమంది.

"మన పడవ ఎవుడో ఎత్తుకుపోయాడని పడవకి సిల్లెడతామేటి? ఆడికి సెప్పకు. ఆడి పైవోడికి సెప్పు. అందరూ సూత్తుండగా సెయ్యి."

డైరెక్టరు గారికి రాశాను. తప్పు ఎక్కడుందో తెలుసు, సరిచేస్తాను, కాని అందరూ చూస్తూ ఉండగా నేనే చేస్తాను అని. గంటలో ఫోన్ చేశారు. "సరిచేశాక మే నెలలో పైకి వచ్చెయ్యి రజనీ. ఈ వ్యవస్థకి ఇన్‌చార్జివి నువ్వే ఉండాలి. మొదటే నిన్ను అడగాల్సింది" అన్నారు.

మొదటే అడగాల్సింది. నాలుగేళ్ళుగా ఎవరో ఒకరి నోట ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నాను కాబోలు. ఆయన మాట పొడిగించారు: "ఆపరేషన్ అయిపోయిందా? ఆ ఎత్తుకి మెడికల్ ఫిట్‌నెస్ తప్పనిసరి, తెలుసు కదా."

చెప్పకుండా ఉండొచ్చు. కాని పైకి వెళ్ళేముందు రక్తం తీస్తారు.

చెప్పాను. ఆయన "అయ్యో" అన్నారు. తరవాత, "సరే, ముందు లూపు సంగతి చూద్దాం" అన్నారు.

ఏప్రిల్ 14

ఈశ్వర్‌కి ఇవాళ సాయంత్రం షిఫ్టు. పేటలో నెట్ రాదు కాబట్టి నేనూ వెళ్ళి, వాడి మంచం పక్కనే ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకున్నాను. హిమాలయాల్లో చీకటి పడింది. తెర మీద డైరెక్టరు గారు, ఇంకో ఏడెనిమిది మొహాలు, మూలన నాగేంద్ర. వెనక మెషిన్ల చప్పుడు వినిపించి ఎవరో "ఎక్కడున్నారు మేడమ్?" అన్నారు. "పలాసలో" అన్నాను.

తీసేసిన భాగాన్ని తిరిగి పెట్టాను. ఎందుకు పెడుతున్నానో, ఎవరు తీశారో రెండు ముక్కల్లో చెప్పాను. నాగేంద్ర కెమెరా ఆపేశాడు. పై గాలి నాలుగు రోజుల్లో దక్షిణానికి తిరిగి ఉంది. ప్రోగ్రాము దాన్ని కొలుచుకోవడానికి కాస్త సమయం తీసుకుంది. ఆ కాసేపూ తెర మీద నక్షత్రం ఉడుకుతున్న గంజిలా ఉంది. ఒక్కసారిగా ముడుచుకుని చుక్కయింది. అలాగే నిలబడింది.

ఈశ్వర్ మెడ సాచి చూస్తున్నాడు. "నిలబడిపోనాది" అన్నాడు మెల్లగా. "అక్కా, అది అంత దూరంలో ఉండి కూడా నిలబడిపోనాది."

ఆ కాసేపు నాకు ఎవరి మీదా కోపం లేదు.

నాగేంద్ర గొంతు వినిపించింది: "వెల్‌డన్ టీమ్."

ఏప్రిల్ 26

కమిటీకి నచ్చిందట. నిధులు వచ్చాయి. కొండ మీద ఇన్‌చార్జి నాగేంద్రబాబు. పైన ఉండగలిగే మనిషే కావాలి కదా అని డైరెక్టరు గారు చాలా బాధగా చెప్పారు. ప్రోగ్రాము మీద నా పేరు ముందు వేస్తారట. నేను బెంగుళూరులో ఉండి, లేదా ఇక్కడే ఉండి, అవసరమైనప్పుడు సాయం చేయొచ్చట. "ఇందులో ఎవరి తప్పూ లేదు రజనీ" అన్నారు. కిడ్నీకి సంబంధించినంతవరకు నిజమే.

నాగేంద్ర మెసేజ్: నీ మేలు మరచిపోను. కింద పెళ్ళిపత్రిక.

నంబరు తీసేయలేదు. లూపు పాడైతే అతనే ఫోన్ చేయాలి.

మే 6

ఇవాళ నా మొదటి చెకప్, పలాసలోనే. ఒక్కదాన్నే వెళ్తానన్నాను. డయాలసిస్ లేని రోజు వాడికి నడవడానికే ఓపిక ఉండదు. నేను బయల్దేరేసరికి ఈశ్వర్ ఆటోలో కూర్చుని ఉన్నాడు.

కౌంటరు దగ్గర నర్సుకి వాడు బాగా తెలిసినవాడు. చూడగానే, "ఏం ఈశ్వర్, ఇవాళ నీ రోజు కాదుగా, ఒంట్లో బాలేదా?" అంటూ వాడి కార్డు కోసం చెయ్యి చాచింది.

"నాకేటీ అవ్వనేదండి" అన్నాడు ఈశ్వర్. నా భుజం మీద చెయ్యి వేసి కొంచెం ముందుకి జరిపాడు. "పేషంటు మా అక్క. నాను తోడొచ్చినాను."

అప్పుడు చూశాను, చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు.